నల్లేరు, మూలకణాలు, ఎముక నిర్మాణం: పరిశోధన చెబుతున్నది, విస్తరణలో చెప్పదగినది

ద్రాక్ష కుటుంబమైన వైటేసీకి చెందిన నల్లేరు తెలుగు నేలపై పరిచయం అక్కరలేని మొక్క. దీని శాస్త్రీయ నామం సిస్సస్ క్వాడ్రాంగ్యులారిస్. మెట్ట ప్రాంతాలలో చేను గట్లపై, ముళ్లకంచెలపై, రాళ్లకుప్పలపై నాలుగు పలకల రసభరితమైన కాండంతో, కణుపు కణుపు వద్ద నొక్కినట్లుగా సన్నబడుతూ అల్లుకునే తీగ ఇది. లేత చివళ్లను నూనెలో బాగా వేయించి, చింతపండు చేర్చి పచ్చడి నూరుకోవడం మన పల్లెలలో పాత అలవాటు. బండి చక్రం కింద సులువుగా నలిగిపోయే స్వభావం వలననే 'నల్లేరుపై బండి నడక' అన్న జాతీయం పుట్టినది. ఎముకల విషయంలో మాత్రం ఈ మొక్కపై శాస్త్రజ్ఞుల నడక అంత సులువుగా సాగలేదు.

సంస్కృతంలో దీనిని అస్థిసంహారి, వజ్రవల్లి, అస్థిశృంఖల అంటారు. హిందీలో హడ్‌జోడ్, తమిళంలో పిరండై, కన్నడంలో మంగరవల్లి. సంహారమనగానే చంపడమనే అర్థం తెలుగువారికి ముందుగా స్ఫురిస్తుంది గనుక అస్థిసంహారి అన్న పేరు విద్యార్థులను తికమకపెడుతుంది. ఇక్కడ సంహారమనగా ఒకచోటికి చేర్చుట, కూడదీయుట. హిందీ పేరు కూడా అదే అర్థాన్ని చెబుతున్నది. భావప్రకాశ నిఘంటువులో ఈ మొక్క ప్రస్తావన ఉన్నది. విరిగిన ఎముకలకు ఆయుర్వేద వైద్యులు ఇచ్చే లాక్షాది గుగ్గులులో లక్క, తెల్లమద్ది, అశ్వగంధ, నాగబల, గుగ్గిలంతోపాటు నల్లేరు ఒక దినుసు. సంప్రదాయంలో ఇది ఒంటరిగా కంటే పదిమందితో కలిసి పనిచేసిన మొక్క అన్నది గుర్తుంచుకోదగిన సంగతి.

ఇటీవలి కాలంలో విద్యార్థుల సెమినార్ పత్రాలలోను, నాటు మొక్కలు అమ్మేవారి కరపత్రాలలోను ఒక వాక్యం తరచు కనబడుతున్నది: నల్లేరు మూలకణాలను ఎముక కణాలుగా మారుస్తుందని శాస్త్రీయంగా నిరూపితమైనది. ఈ వాక్యాన్ని నమ్మి ఒకరు రెండెకరాలలో నల్లేరు నాటవచ్చు. మరొకరు విరిగిన కాలికి ఎక్స్‌రే తీయించకుండా ఇంట్లోనే కూర్చోవచ్చు. రైతు ముందుగా సలహా అడిగేది విస్తరణ శాస్త్రవేత్తనే కాబట్టి, ఆ వాక్యంలో ఎంత నిజమున్నదో, ఆ నిజం ఏ మొక్కకు, ఏ సారానికి వర్తిస్తుందో మనకు స్పష్టంగా తెలిసి ఉండాలి.

ఎముక ఏర్పడే తీరు

జీవించి ఉన్నంతకాలం ఎముక కరుగుతూ, తిరిగి కట్టుకుంటూ ఉంటుంది. కరిగించే పని ఆస్టియోక్లాస్టులది, కట్టే పని ఆస్టియోబ్లాస్టులది. మొదటివి రక్తకణాల వంశం నుండి వస్తాయి. రెండవవి ఎముక మజ్జలోని మీసెంకైమల్ మూలకణాల నుండి పుడతాయి. ఎముక మజ్జలో రక్తకణాల సంతతికి చెందని, గాజు లేదా ప్లాస్టిక్ పాత్ర అడుగున అంటుకొని పెరిగే, ఎముకను నిర్మించగల కణాలు ఉన్నాయని రష్యన్ శాస్త్రజ్ఞుడు ఫ్రీడెన్‌స్టైన్ 1960, 70 దశకాలలో చూపినాడు. వాటికి మీసెంకైమల్ మూలకణాలన్న పేరును 1991లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆర్నాల్డ్ కాప్లాన్ ప్రచారంలోకి తెచ్చినాడు.

ఈ మూలకణం ఒక కూడలిలో నిలబడి ఉంటుంది. అక్కడి నుండి ఎముక కణంగా, మృదులాస్థి కణంగా లేదా కొవ్వు కణంగా మారగలదు. ఎముక వైపు దారి తీయించే ప్రధాన జన్యు నియంత్రకం రన్‌ఎక్స్2. ఈ జన్యువును తొలగించిన ఎలుక పిల్లలలో అస్థిపంజరమంతా మృదులాస్థిగానే మిగిలిపోయి, నిజమైన ఎముక ఏర్పడలేదని 1997లో వెలువడిన పరిశోధనలు తేల్చినాయి. దాని తరువాతి మెట్టు ఆస్టెరిక్స్, 2002లో గుర్తించబడినది. కొవ్వు వైపు లాగేది పీపార్ గామా అనే మరొక నియంత్రకం. వయసు మీరేకొద్దీ మజ్జలో కొవ్వు పెరిగి ఎముక పలచబడడానికి ఈ కూడలిలోని మొగ్గు మారడం ఒక కారణం.

ఎముక దారి పట్టిన కణం మొదట ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమును ఎక్కువగా తయారు చేస్తుంది. తరువాత కొల్లాజెన్ వలను అల్లుతుంది. చివరగా ఆస్టియోకాల్సిన్ వంటి మాంసకృత్తులను స్రవించి, ఆ వలపై కాల్షియం ఫాస్ఫేటు స్ఫటికాలు పేరుకునేలా చేస్తుంది. ప్రయోగశాలలో ఈ చివరి దశను సుమారు మూడు వారాల తరువాత అలిజరిన్ రెడ్ అనే రంగుతో గుర్తిస్తారు. కాల్షియం పేరుకున్నచోట ఎర్రని మచ్చలు కనబడతాయి. నల్లేరుపై వచ్చిన పరిశోధన పత్రాలలోని బొమ్మలలో ఎక్కువ భాగం ఈ ఎర్రని మచ్చలే. వాటిని చదవడం నేర్చుకున్న విద్యార్థికి పత్రం సగం అర్థమైనట్లే.

వారణాసి నుండి మణిపాల్ వరకు

నల్లేరుపై ఆధునిక పరిశోధన మన దేశంలోనే మొదలైనది. 1960 దశకపు ఆరంభంలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో కె.ఎన్. ఉడుప, జి.సి. ప్రసాద్ గార్లు ప్రయోగ జంతువులలో ఎముకలు విరిచి, నల్లేరు సారం ఇచ్చి, అతికే వేగాన్ని పరిశీలించినారు. కార్టిసోన్ ఇచ్చినప్పుడు ఎముక అతకడం మందగిస్తుంది. ఆ మందగింపును నల్లేరు సారం తగ్గించినదని వారు 1963లో నివేదించినారు. రేడియోధార్మిక కాల్షియం-45 ను వాడి, విరిగిన చోట కాల్షియం చేరికను, అతికిన ఎముక బలాన్ని కూడా కొలిచినారు. ఆ రోజులలో మూలకణమన్న మాట వైద్య కళాశాలల్లో వినబడేది కాదు. అయినప్పటికీ వారు అడిగిన ప్రశ్న, అతికిన ఎముక ఎంత బరువు మోయగలదన్నది, నేటి అనేక పత్రాలలోని ప్రశ్నల కంటే సూటియైనదని నా అభిప్రాయం. అదే దశకంలో ఇతర పరిశోధకులు మొక్కలోని చురుకైన పదార్థం స్టెరాయిడ్ జాతికి చెందినదని సూచించినారు. నేటికీ వాణిజ్య ఉత్పత్తులపై కనిపించే కీటోస్టెరాన్ అన్న మాటకు మూలం అక్కడున్నది.

తరువాత 1994లో కుక్కల ముంజేతి ఎముకలపైన, 2003లో అండాశయాలు తొలగించిన ఎలుకలపైన ప్రయోగ ఫలితాలు వెలువడినాయి. రెండవది ముట్లుడిగిన స్త్రీలలో ఎముక గుల్లబారడానికి నమూనా. మూలకణాల విషయానికి నేరుగా వచ్చినది 2009లో. కర్ణాటకలోని మణిపాల్ పరిశోధకులు నల్లేరు కాండపు పెట్రోలియం ఈథర్ సారాన్ని ఎముక మజ్జ మీసెంకైమల్ మూలకణాలకు చేర్చినప్పుడు కణాల సంఖ్య పెరిగినదని, అవి ఎముక నిర్మాణ కణాలుగా మారడం, వాటి చుట్టూ కాల్షియం పేరుకోవడం ఎక్కువైనదని ప్రకటించినారు. అదే సంవత్సరం థాయ్‌లాండ్ శాస్త్రజ్ఞులు ఎలుక ఆస్టియోబ్లాస్టు కణ వరుసపై నల్లేరు ఇథనాల్ సారం ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ను పెంచినదని, ఆ పెరుగుదల మ్యాప్ కైనేజ్ అనే కణాంతర సంకేత మార్గంపై ఆధారపడి ఉన్నదని చూపినారు. 2011లో సావోస్-2 అనే మానవ కణ వరుసపై కూడా అనుకూల ఫలితాలు వచ్చినాయి.

వరుసగా ఇన్ని అనుకూల ఫలితాలు చూసిన పాఠకుడికి కథ పూర్తయినట్లు అనిపించడం సహజం. అయితే ఈ మూడు కణ ప్రయోగాలలో మూలకణాలను వాడినది మణిపాల్ ప్రయోగం ఒక్కటే. థాయ్‌లాండ్ ప్రయోగంలోని కణాలు అప్పటికే ఎముక దారి పట్టినవి. సావోస్-2 ఎముక కేన్సరు నుండి తీసిన కణ వరుస, కూడలిని ఎప్పుడో దాటిపోయినది. కాబట్టి 'మూలకణాలను మారుస్తుంది' అన్న మాటకు ఈ మూడింటినీ సాక్ష్యంగా చూపడం సరికాదు.

ఏ సారం?

సస్యశాస్త్ర విద్యార్థి ఆగి ఆలోచించవలసిన చోటు ఇది. పెట్రోలియం ఈథర్ నీటితో కలవని ద్రావణి. అది కాండం నుండి కొవ్వులను, మైనాలను, బీటా సిటోస్టెరాల్ వంటి స్టెరాల్‌లను, ట్రైటెర్పీన్‌లను తీసుకొస్తుంది. క్వెర్సిటిన్ వంటి ఫ్లేవనాయిడ్లు, విటమిన్ సి, చక్కెరలు, సేంద్రియ ఆమ్లాలు దాదాపుగా వెనుకనే ఉండిపోతాయి. ఇథనాల్ అందుకు భిన్నం, నీటివైపు మొగ్గే పదార్థాలను బాగా లాగుతుంది. నల్లేరులో రెస్వెరట్రాల్, పైసియాటనాల్, ఈ మొక్క పేరుతోనే పిలిచే క్వాడ్రాంగ్యులారిన్-ఎ వంటి స్టిల్‌బీన్‌లు ఉన్నాయి. అవి ఇథనాల్ సారంలోకి వస్తాయి గాని పెట్రోలియం ఈథర్‌లోకి అంతగా రావు.

అనగా మణిపాల్ పాత్రలో ఉన్నది, థాయ్‌లాండ్ పాత్రలో ఉన్నది ఒకే మొక్క పేరు కలిగిన రెండు వేరు వేరు మిశ్రమాలు. రెండూ ఎముక కణాలకు అనుకూలించినాయంటే రెండు విధాలుగా ఊహించవచ్చు. మొక్కలో ఎముకకు ఉపకరించే పదార్థాలు ఒకటికి మించి ఉండవచ్చు. లేదా మనం వాడుతున్న కొలమానం చాలా రకాల మిశ్రమాలకు అనుకూలంగా పలికేది కావచ్చు. ఏది సరియో తేలాలంటే సారాన్ని భాగాలుగా విడదీసి, ఒక్కొక్క పదార్థాన్ని శుద్ధిచేసి, విడిగా పరీక్షించాలి. మొక్కల పరిశోధనలో ఇది నిదానంగా సాగే, ఖర్చుతో కూడిన పని. అందుకే ముడి సారాలపై పత్రాలు ఎక్కువ, శుద్ధ పదార్థాలపై తక్కువ.

ఇంటి వాడుకకు, ప్రయోగశాల సారానికి గల దూరం కూడా గమనించాలి. కషాయంలోకి వచ్చేవి నీటిలో కరిగేవి. పచ్చడిలో నూనె ఉన్నది గనుక కొంత స్టెరాల్ చేరవచ్చు, వేయించిన వేడికి కొన్ని పదార్థాలు మారిపోవచ్చు. ఎముక వైద్యంలో నల్లేరును నేతితో ఇవ్వడమన్న పాత పద్ధతిలో కొవ్వులో కరిగే పదార్థాల ఎరుక ఉన్నదేమో పరిశీలించదగినది. ఇవేవీ పెట్రోలియం ఈథర్ సారానికి సమానం కావు.

నల్లేరులో కాల్షియం మెండుగా ఉన్నది కాబట్టి ఎముకలకు మంచిదన్న వాదన మరొకటి. కాల్షియం ఉన్న మాట నిజమే. కాని అందులో చెప్పుకోదగిన భాగం కాల్షియం ఆక్సలేటు సూదుల రూపంలో ఉంటుంది. పచ్చి కాండం ముట్టుకుంటే చేతులు దురదపెట్టడానికి, సరిగా వేయించని పచ్చడి గొంతును గీరడానికి ఆ సూదులే కారణం. ఆక్సలేటుతో బంధింపబడిన కాల్షియం పేగులలో సరిగా శోషణ చెందదు. మూత్రపిండాలలో ఆక్సలేటు రాళ్లు ఏర్పడే తత్వం గలవారు ఇటువంటి ఆహారం విషయంలో జాగ్రత్తగా ఉండాలి. కాల్షియం కొరకే అయితే రాగులు, పాలు ఇంతకంటే నమ్మదగిన మార్గాలు.

పాత్రలోని ఫలితాన్ని చదివే తీరు

మూలకణాలను ఎముక కణాలుగా మార్చడానికి ప్రయోగశాలలో వాడే ప్రామాణిక మాధ్యమంలో మూడు పదార్థాలు కలుపుతారు. అవి డెక్సామెథసోన్, బీటా గ్లిసరోఫాస్ఫేట్, ఆస్కార్బిక్ ఆమ్లం, అనగా విటమిన్ సి. నల్లేరు కాండంలోనూ విటమిన్ సి ఉన్నది. నీటి లేదా ఆల్కహాలు సారం కలిపినప్పుడు కణాలు బాగా కొల్లాజెన్ అల్లినాయంటే, ఆ ఘనత నల్లేరుకు ప్రత్యేకమైన పదార్థానిదా, ఏ నిమ్మకాయలోనైనా దొరికే విటమిన్‌దా? సారంలోని విటమిన్ సి కొలిచి, అంతే మొత్తాన్ని నియంత్రణ పాత్రకు కూడా కలిపితే గాని తేలదు. పెట్రోలియం ఈథర్ సారానికి ఈ సందేహం దాదాపుగా లేదు. ఆ ప్రయోగానికి గల బలాలలో ఇది ఒకటి.

కణాల సంఖ్య పెరిగినదని చెప్పడానికి ఎక్కువమంది వాడేది ఎంటీటీ పరీక్ష. బ్రతికి ఉన్న కణాలు పసుపు రంగు ఎంటీటీని ఊదా రంగు పదార్థంగా క్షయకరణం చేస్తాయి. ఊదా రంగు ఎంత చిక్కగా ఉంటే కణాలు అంత ఎక్కువన్నది దీని సూత్రం. అయితే క్వెర్సిటిన్, రెస్వెరట్రాల్ వంటి పాలీఫినాల్‌లు కణమొక్కటి కూడా లేకపోయినా తామే ఎంటీటీని క్షయకరణం చేయగలవు. కణాలు లేని పాత్రలో సారం మాత్రమే వేసిన నియంత్రణ పత్రంలో కనబడకపోతే, పాలీఫినాల్‌లు గల సారం విషయంలో ఆ అంకెను అనుమానంతో చూడాలి. కణాలను నేరుగా లెక్కించిన పత్రానికి, డీఎన్ఏ పరిమాణం కొలిచిన పత్రానికి విలువ ఎక్కువ.

ఎర్రని మచ్చల విషయానికి వస్తే, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బీటా గ్లిసరోఫాస్ఫేట్ నుండి ఫాస్ఫేటును విడదీస్తుంది. మాధ్యమంలో ఫాస్ఫేటు ఎక్కువైతే కాల్షియంతో కలిసి తనంతట తానే అవక్షేపం కాగలదు. అటువంటి అవక్షేపానికి కూడా అలిజరిన్ ఎరుపు రంగే ఇస్తుంది. కాబట్టి మచ్చలతోపాటు రన్‌ఎక్స్2, ఆస్టెరిక్స్, ఆస్టియోకాల్సిన్ జన్యువులు సరియైన క్రమంలో, సరియైన రోజులలో మేల్కొన్నాయని చూపిన పత్రం నమ్మదగినది. మరొక సూక్ష్మం: కణం విభజన చెందడం, ప్రత్యేక కణంగా మారడం సాధారణంగా ఒకదాని తరువాత ఒకటి జరుగుతాయి. ఒకే సారం రెండింటినీ పెంచినదంటే ఏ రోజున ఏది పెరిగినదో విడివిడిగా చూపాలి.

జంతు ప్రయోగాలకు వేరొక చిక్కు ఉన్నది. అండాశయాలు తొలగించిన ఎలుకలో ఎముక సాంద్రత తగ్గకుండా నిలిచినదంటే, కట్టే కణాలు చురుకైనాయని చెప్పవచ్చు, కరిగించే కణాలు నెమ్మదించినాయని కూడా చెప్పవచ్చు. ఫలితం ఒక్కటే, దారులు రెండు. ఎలుకలో వచ్చిన ఫలితాన్ని, పాత్రలో కనబడిన మూలకణపు మార్పును పక్కపక్కన పెట్టి ఒకటి రెండవదానికి కారణమని వ్రాయడం మన సాహిత్య సమీక్షలలో సర్వసాధారణమైపోయినది.

మోతాదు లెక్క

2009లోనే మణిపాల్ బృందం అండాశయాలు తొలగించిన ఎలుకలకు పెట్రోలియం ఈథర్ సారాన్ని రోజుకు కిలో శరీర బరువుకు 500 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు ఇచ్చి, ఎముక నష్టం తగ్గినదని చూపినది. ఈ మోతాదును మనిషికి మార్చి చూద్దాం. ఎలుకకు, మనిషికి గల శరీర ఉపరితల వైశాల్యపు తేడాను బట్టి ఎలుక మోతాదును 6.2 తో భాగించడం ఆచారం. అప్పుడు కిలోకు సుమారు 81 మిల్లీగ్రాములు, 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 4.9 గ్రాముల సారం.

అయిదు గ్రాములే కదా అనిపిస్తుంది. పెట్రోలియం ఈథర్ సారం ఎండు పొడి నుండి బహు తక్కువగా వస్తుంది. లెక్క కొరకు నూటికి 2 పాళ్లు వచ్చినదనుకుందాం. అప్పుడు 4.9 గ్రాముల సారానికి 245 గ్రాముల ఎండు పొడి కావాలి. నల్లేరు కాండంలో అధిక భాగం నీరే. పచ్చి బరువులో పదోవంతు ఎండు పదార్థం ఉన్నదనుకుంటే రోజుకు దాదాపు రెండున్నర కిలోల పచ్చి కాండం. ఏ ఇల్లాలూ అంత పచ్చడి నూరదు. ఇవి నేను ఊహించి వేసిన శాతాలే. విద్యార్థులు తమ నమూనాలలో కొలిచిన అంకెలతో ఈ లెక్కను తిరిగి వేసుకోవచ్చు. ఏ అంకె వేసినా ఇంటి వాడకానికి, ఎలుక మోతాదుకు మధ్య అంతరం పెద్దదిగానే తేలుతుంది.

పాత్రలోని గాఢతకు కూడా ఇదే వర్తిస్తుంది. ముడి సారాల ప్రయోగాలలో మిల్లీలీటరుకు పదుల నుండి వందల మైక్రోగ్రాములు వాడడం పరిపాటి. మనిషి శరీరంలోని సుమారు 3 లీటర్ల ప్లాస్మాలో మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు ఉండాలంటే 300 మిల్లీగ్రాముల సారం మార్పు చెందకుండా రక్తంలోనే నిలిచి ఉండాలి. కాని క్వెర్సిటిన్, రెస్వెరట్రాల్ వంటివి పేగు గోడలోను, కాలేయంలోను కొద్దిసేపటికే గ్లూకురోనైడ్, సల్ఫేటు రూపాలలోకి మారిపోతాయి. మజ్జలోని మూలకణాన్ని చేరేది మనం పాత్రలో వేసిన అణువు కాకపోవచ్చు. మనుషులపై నల్లేరు ప్రయోగాలు లేకపోలేదు. దవడ ఎముకలు విరిగినవారిలో కొన్ని జరిగినాయి, అనుకూల సూచనలూ ఇచ్చినాయి. అవి కొద్దిమందితో చేసినవి. తొడ ఎముకకు, వెన్నుపూసకు వాటిని వర్తింపజేయడానికి వీలులేదు.

పొలంలో మారే సంగతులు

సిద్ధాంత గ్రంథాల మౌఖిక పరీక్షలలో నేను తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది. 'ఏ నల్లేరు?' చాలామంది శాస్త్రీయ నామం చెప్పి ఊరుకుంటారు. తమిళనాడులో కాండం ఆకారాన్ని బట్టి చదుర పిరండై, ఉరుండై పిరండై, ఓలై పిరండై, ముప్పిరండై అని వేరుచేసి పిలుస్తారు. నాలుగు పలకలది, గుండ్రనిది, చదునైనది, మూడు పలకలది అని వాటి అర్థం. మన ప్రాంతంలో అన్నింటికీ నల్లేరన్న ఒక్క పేరే సరిపెడుతున్నాము. రసాయనికంగా ఇవన్నీ ఒక్కటేనని భావించడానికి ఆధారం లేదు. బజారులో కొన్న ఎండు ముక్కలతో ప్రయోగం చేసి, హెర్బేరియం నమూనా భద్రపరచని పత్రం ఎంత పెద్ద పత్రికలో వచ్చినా, ఆ ఫలితం ఏ మొక్కదో మనకు తెలియదు.

కోత వేళ కూడా ముఖ్యం. నల్లేరు ఆకులు సాధారణ సీ3 పద్ధతిలోను, కాండం క్యామ్ పద్ధతిలోను కిరణజన్య సంయోగక్రియ జరుపుతాయని 1983లో ప్రచురితమైన పరిశోధన చెప్పినది. ఒకే మొక్కలో రెండు పద్ధతులు! క్యామ్ పద్ధతిలో పత్రరంధ్రాలు రాత్రి తెరుచుకొని, బొగ్గుపులుసు వాయువు మాలిక్ ఆమ్లంగా నిల్వ అవుతుంది. తెల్లవారుజామున ఆమ్లం అత్యధికం, సాయంత్రానికి అత్యల్పం. తెల్లవారి కోసిన కాండానికి, సాయంత్రం కోసిన కాండానికి పులుపులోనే తేడా ఉంటుంది. నీటి సారంతో కణ ప్రయోగం చేసేటప్పుడు ఈ ఆమ్లత్వం మాధ్యమాన్ని ప్రభావితం చేయగలదు. కోసిన వేళను నమోదు చేసిన పత్రం నా కంట పడడం అరుదు.

స్టిల్‌బీన్‌ల సంగతి సస్యశాస్త్రానికి మరింత దగ్గరిది. ద్రాక్షలో రెస్వెరట్రాల్ ఒక రక్షణ పదార్థం. శిలీంధ్రం సోకినప్పుడు, అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు, గాయమైనప్పుడు ఆకులు దానిని ఎక్కువగా తయారు చేస్తాయి. అదే కుటుంబానికి చెందిన నల్లేరు కూడా అలాగే ప్రవర్తిస్తే, నీడలో నీరు సమృద్ధిగా పెట్టి, తెగులు రాకుండా పెంచిన తోటలో కాండం బరువు పెరిగి, పదార్థం పలచబడవచ్చు. రాళ్లగుట్టపై ఎండకు మాడిన తీగలో అది చిక్కగా ఉండవచ్చు. టన్నుల దిగుబడి కొరకు మనం ఇచ్చే సిఫారసులు మందు గుణానికి వ్యతిరేకంగా పోయే అవకాశమున్న పంట ఇది. నీటి తడులు, నీడ, కాండం వయసు, కోత కాలం అనే నాలుగు అంశాలతో పరిశోధన క్షేత్రంలో ఒక ప్రయోగం వేసి, ఒక్కొక్క మడి నుండి వచ్చిన కాండంలో స్టెరాల్, స్టిల్‌బీన్ పరిమాణాలు కొలవడం ఒక స్నాతకోత్తర విద్యార్థికి తగిన పని. మొక్క పెంపకానికి కష్టమేమీ లేదు. రెండు మూడు కణుపుల ముక్క నాటితే వేరు పట్టుతుంది, పాకడానికి ఊతం ఇస్తే చాలు.

రైతుకు, రోగికి

ఔషధ మొక్కల సాగులో మన దేశపు రైతు ఇదివరకే దెబ్బలు తిన్నాడు. సఫేద్ ముస్లి కాలంలో లాభపడినవారు ఎక్కువగా నాటు దుంపలు అమ్మినవారు. పండించిన దుంపలు అమ్మవలసి వచ్చినప్పుడు ధర లేదు. నల్లేరుకు కూడా పరిశోధన పత్రాల నకళ్లు జతచేసి, తిరిగి కొంటామన్న ఒప్పందంతో నాటు ముక్కలు అమ్మజూపేవారు వస్తే, రైతు తరఫున మనం అడగవలసిన ప్రశ్నలు సూటిగా ఉండాలి. కొనేది పచ్చి కాండమా, ఎండు ముక్కలా? ఏ పదార్థం నూటికి ఎన్ని పాళ్లు ఉండాలి? ఆ పరీక్ష ఎవరు చేస్తారు, ఖర్చు ఎవరిది, తక్కువ వస్తే సరుకు ఎవరి పాలు? వ్రాతపూర్వకంగా జవాబు రాకపోతే గట్టుపై, కంచెపై ఉన్న తీగ చాలును. గట్టు తీగకు పెట్టుబడి లేదు. పొదుగువాపు మొదలు తిరిగి పొర్లే సమస్య వరకు దేశీయ పశువైద్య మిశ్రమాలను ప్రచారం చేస్తున్న జాతీయ పాడి అభివృద్ధి సంస్థ, తిరిగి పొర్లే పశువులకు సూచించిన దినుసులలో నల్లేరు కాండం కూడా ఉన్నది. ఆ మేరకు ప్రతి పాడి రైతు ఇంటి వద్ద రెండు తీగలు ఉండడం మేలే.

ఎముక విరిగినవారి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. విరిగిన ముక్కలు సరిగా కూర్చి, కదలకుండా ఉంచితే అత్యధిక ఎముకలు వాటంతట అవే అతుకుతాయి. పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగువారు తక్కువ. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో వేసే ఆ కట్టులో, కదలకుండా పట్టి ఉంచే బద్దల పాత్ర చిన్నది కాదు. కాబట్టి 'నల్లేరు తిన్నాను, అతికినది' అన్న అనుభవం నిజమే అయినా, తినకపోతే అతికేది కాదన్నదానికి అది సాక్ష్యం కాదు. చర్మం చీలి ఎముక బయటికి వచ్చినప్పుడు, కట్టు బిగువుకు వ్రేళ్లు నల్లబడి చల్లబడినప్పుడు, స్పర్శ పోయినప్పుడు గంటల వ్యవధిలో ఆసుపత్రికి చేరకపోతే అవయవమే పోవచ్చు. గ్రామ సభలో నల్లేరు గురించి మాట్లాడే ప్రతిసారీ ఈ మాట కూడా చెప్పాలి. వైద్యుడు వేసిన కట్టు ఉండగా, ఆయనకు తెలియజేసి, నల్లేరు పచ్చడి తినడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు.

వైద్య కళాశాల ప్రయోగశాలలతో కలిసి పనిచేయదలచిన మన విభాగాలకు ఒక ఆచరణీయమైన సూచన. పంపే ప్రతి సంచికి తీగ రూపం, హెర్బేరియం సంఖ్య, కోసిన తేదీ, వేళ, ఎన్నవ కణుపు వరకు కోసినదీ, నేల, ఎండబెట్టిన తీరు, తేమ శాతం వ్రాసిన చీటీ జతచేయాలి. అదే సంచి నుండి కొంత పొడిని మూసిన సీసాలో, చల్లని చీకటి చోట మన వద్దనే నిల్వ ఉంచుకోవాలి. కణాలలో ఎర్రని మచ్చలు కనబడినాయని అక్కడి నుండి కబురు వచ్చిన రోజున, అవి ఏ మడిలోని ఏ తీగవో చూపగలిగేది ఆ సీసా, ఆ చీటీ మాత్రమే.